ఆర్సెనిక్ జలాలు: కుళాయిల లెక్కతో పాటు పరీక్షల లెక్కా కావాలి

గ్రామీణ కుటుంబాలన్నింటికీ కుళాయి ద్వారా తాగునీరు అందించే లక్ష్యంతో 2019 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రకటించిన జల్ జీవన్ మిషన్ గడువును కేంద్ర ప్రభుత్వం 2025 బడ్జెట్‌లో 2028 వరకు పొడిగించింది. మిషన్ మొదలైన నాటికి 3.23 కోట్ల గ్రామీణ కుటుంబాలకు మాత్రమే కుళాయి ఉండగా, నేడు ఆ సంఖ్య 15 కోట్లు దాటింది. అయిదారేళ్లలో సాధించిన ఈ ప్రగతి సామాన్యమైనది కాదు. అయితే మిగిలిన దశలో మరో ప్రశ్న ముందుకు వస్తున్నది. కుళాయిలోకి వచ్చే నీరు ఎక్కడిది? అందులో ఏముంది? ఆ సంగతి తాగేవారికి తెలుస్తున్నదా? గంగా, బ్రహ్మపుత్ర మైదానాల్లో నలభై ఏళ్లకు పైగా ప్రజారోగ్యాన్ని కుంగదీస్తున్న ఆర్సెనిక్ సమస్య ఈ ప్రశ్నకు ఎంత ప్రాధాన్యం ఇవ్వాలో తెలియజేస్తుంది.

దేశంలో 25 రాష్ట్రాలకు చెందిన 230 జిల్లాల్లోని కొన్ని ప్రాంతాల్లో భూగర్భ జలాల్లో ఆర్సెనిక్ పరిమితికి మించి ఉన్నదని కేంద్ర ప్రభుత్వం 2023లో పార్లమెంటుకు తెలిపింది. ఫ్లోరైడ్ విషయంలో అవి 27 రాష్ట్రాలు, 469 జిల్లాలు. ఈ పరిస్థితిపై జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానుగా విచారణ చేపట్టింది. కేంద్ర భూగర్భ జల మండలి 2023లో దేశవ్యాప్తంగా 15,259 చోట్ల సేకరించిన నమూనాల ఆధారంగా వెలువరించిన నివేదిక ప్రకారం, దాదాపు ఐదో వంతు నమూనాల్లో నైట్రేట్, 9 శాతంలో ఫ్లోరైడ్, మూడున్నర శాతంలో ఆర్సెనిక్ పరిమితిని దాటాయి. శాతం లెక్కన చూస్తే ఆర్సెనిక్ వాటా స్వల్పంగా కనిపించవచ్చు. కానీ దేశంలో అత్యధిక జనసాంద్రత గల నదీ మైదానాల్లోనే అది కేంద్రీకృతమై ఉన్నందున, ఆ స్వల్ప శాతం వెనుక ఉన్న జనసంఖ్య చాలా పెద్దది.

మేలు కోరి తవ్విన బావులు

గంగా మైదానంలోనూ, బెంగాల్ డెల్టాలోనూ ఒకప్పుడు ప్రజలు చెరువులు, నదులు, తవ్వుడు బావుల నీరు తాగేవారు. ఆ నీటి ద్వారా వ్యాపించే కలరా, అతిసారం ఏటా లెక్కలేనంతమంది పసిబిడ్డలను బలి తీసుకునేవి. ఈ మరణాలను అరికట్టేందుకు 1970వ దశకం నుంచి బంగ్లాదేశ్‌లో యునిసెఫ్ సహాయంతో ప్రభుత్వం గొట్టపు బావులను పెద్దఎత్తున వేయించింది. మన దేశంలోనూ చేతిపంపులు గ్రామగ్రామానా వెలిశాయి. సూక్ష్మజీవుల దృష్ట్యా భూగర్భ జలం సురక్షితమని నాటి నిపుణులు భావించారు. ఆ మేరకు వారి అంచనా సరైనదే. లోపమల్లా ఆ నీటిని ఆర్సెనిక్ కోసం పరీక్షించే ఆనవాయితీ లేకపోవడమే.

1983లో కలకత్తాలోని స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌కు చెందిన చర్మవైద్యుడు డాక్టర్ క్షితీశ్ చంద్ర సాహా పశ్చిమ బెంగాల్ గ్రామాల నుంచి వచ్చిన రోగుల చర్మంపై మచ్చలు, అరచేతుల్లో, అరికాళ్లలో గట్టిపడిన కాయలు గమనించి, అవి తాగునీటిలోని ఆర్సెనిక్ వల్ల ఏర్పడినవని గుర్తించారు. సరిహద్దుకు ఆవల ఉన్న బంగ్లాదేశ్‌లో చపాయ్ నవాబ్‌గంజ్ జిల్లా బావుల్లో ఆర్సెనిక్ బయటపడినది 1993లో. అదే గంగానదికి ఎగువన బీహార్‌లోని భోజ్‌పూర్ జిల్లా సెమ్రియా ఓఝా పట్టి గ్రామంలో సమస్య వెలుగుచూసినది 2002లో. ఉత్తరప్రదేశ్‌లోని బలియా జిల్లా ఆ తరువాత ఈ జాబితాలో చేరింది. ఒకే నది, ఒకే రకమైన ఒండ్రు నేల. అయినా బెంగాల్ రోగులను గుర్తించిన పందొమ్మిదేళ్లకు గాని బీహార్ బావుల మీదికి దృష్టి మళ్లలేదు. ఈ మధ్యకాలంలో ఆ నీటిని తాగిన తరం దాని ఫలితాన్ని ఇప్పుడు అనుభవిస్తున్నది.

బంగ్లాదేశ్ ప్రజారోగ్య ఇంజనీరింగ్ శాఖ, బ్రిటిష్ జియలాజికల్ సర్వే కలిసి 2001లో వెలువరించిన సర్వే ప్రకారం, తక్కువ లోతు గల గొట్టపు బావుల్లో 27 శాతం ఆ దేశ ప్రమాణమైన లీటరుకు 50 మైక్రోగ్రాముల పరిమితిని దాటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన 10 మైక్రోగ్రాముల పరిమితితో పోల్చితే 46 శాతం బావులు పనికిరానివే. ఆ లెక్కన 50 మైక్రోగ్రాములు దాటిన నీటిని తాగుతున్నవారు 3.5 కోట్లమంది అని నాడు అంచనా వేశారు. చరిత్రలో ఒక జనసమూహం ఇంత పెద్దఎత్తున విషప్రభావానికి గురికావడం ఇదివరకెన్నడూ లేదని 2000 సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురితమైన వ్యాసం పేర్కొన్నది.

పక్కపక్క బావుల్లో వేర్వేరు నీరు

గంగా మైదానంలోని ఆర్సెనిక్‌కు మూలం కర్మాగారాలు కావు. హిమాలయాల నుంచి నదులు వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రులోని ఇసుక రేణువుల మీద ఇనుప ఆక్సైడ్ పూత ఉంటుంది. ఆర్సెనిక్ ఆ పూతను అంటిపెట్టుకొని ఉంటుంది. ఒండ్రుతో పాటు పూడుకుపోయిన ఆకులు అలములు కుళ్లి, ప్రాణవాయువు అందని స్థితి ఏర్పడినప్పుడు అక్కడి సూక్ష్మజీవులు ఆ ఇనుప పూతను కరిగిస్తాయి. దానితో పాటే ఆర్సెనిక్ నీటిలోకి విడుదలవుతుంది. ఈ ప్రక్రియ ప్రధానంగా భూమి పైపొరల్లో, సుమారు 150 మీటర్ల లోపు సాగుతుంది. అంతకంటే లోతున ఉండే ప్రాచీన ఇసుక పొరల్లోని నీరు చాలాచోట్ల సురక్షితంగానే ఉంటుంది. బంగ్లాదేశ్‌లో బావులు వేసే పనివారు ఇసుక రంగును బట్టి పొరలను గుర్తిస్తారు. బూడిదరంగు ఇసుక పొర అనుమానించదగినదని, ఎరుపు, గోధుమ రంగు పొరలు సాధారణంగా మేలైనవని పరిశోధకులు కూడా నిర్ధారించారు.

నది పాత పాయలు ఎటు పారాయి, ఎక్కడ ఏ మట్టి పేరుకుంది అన్నదాన్ని బట్టి నీటి గుణం మారుతుంది. అందువల్ల ఒక ఇంటి బావిలో ఆర్సెనిక్ పరిమితికి ఎన్నో రెట్లు ఉండగా, వంద మీటర్ల దూరంలోని మరో బావి నీరు నిరపాయంగా ఉండవచ్చు. ఒక జిల్లా ప్రభావితమైనదని చెప్పడం పాలనాపరంగా అవసరమే. కానీ ఆ జిల్లాలోని ఒక గృహిణికి తన పంపు నీరు తాగవచ్చునా, లేదా అన్నది జిల్లా పేరును బట్టి తెలియదు. ఆ పంపును పరీక్షిస్తే తప్ప తెలియదు. ఆర్సెనిక్‌కు రంగు, రుచి, వాసన లేవు. మరిగిస్తే పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ దాని సాంద్రత పెరుగుతుంది. వడగట్టినా, క్లోరిన్ కలిపినా తొలగదు. చల్లగా, తేటగా కనిపించే నీరే ప్రమాదకరం కావడం వల్ల, నమ్మకంతో తాగే అలవాటును మాన్పించడం చాలా కష్టం.

పరిమితి విషయంలోనూ తేడా ఉన్నది. భారత ప్రమాణాల సంస్థ నిర్దేశించిన పరిమితి నేడు లీటరుకు 10 మైక్రోగ్రాములు. బంగ్లాదేశ్ ఇప్పటికీ 50 మైక్రోగ్రాములనే పాటిస్తున్నది. గ్రామాల్లో వాడే చేతి కిట్లు ఎక్కువ మోతాదును చక్కగా పట్టిస్తాయి గాని, 10 మైక్రోగ్రాముల దగ్గర వాటి కచ్చితత్వం తక్కువ. కిట్‌తో అనుమానం కలిగిన నీటిని ప్రయోగశాలలో నిర్ధారించుకోవాలని నిపుణులు చెప్పడానికి ఇదే కారణం.

మానేసినప్పుడు కనిపించిన మేలు

ఆర్సెనిక్ శరీరంలో నెమ్మదిగా పని చేస్తుంది. ఏళ్ల తరబడి ఆ నీరు తాగినవారిలో ముందుగా చర్మంపై నల్లమచ్చలు, కాయలు కనిపిస్తాయి. తరువాత చర్మం, ఊపిరితిత్తులు, మూత్రాశయ క్యాన్సర్లు, గుండెజబ్బులు సంభవిస్తాయి. పిల్లల మేధోవికాసం కూడా దెబ్బతింటుందని బంగ్లాదేశ్ అధ్యయనాలు వెల్లడించాయి. పౌష్టికాహారం లేనివారిలో వ్యాధి తీవ్రత ఎక్కువ. చర్మ లక్షణాలను కుష్ఠుగా పొరబడి రోగులను వెలివేసిన ఉదంతాలు, ఆడపిల్లల వివాహాలు ఆగిపోయిన ఉదంతాలు రెండు దేశాల్లోనూ నమోదయ్యాయి. ఢాకాకు తూర్పున ఉన్న అరాయిహజార్‌లో 2000 సంవత్సరం నుంచి దాదాపు 12 వేల మందిని పరిశీలిస్తున్న శాస్త్రవేత్తలు, అక్కడి మరణాల్లో ఐదింట ఒక వంతుకు పైగా 10 మైక్రోగ్రాములు దాటిన నీటితో ముడిపడి ఉన్నాయని 2010లో ప్రకటించారు.

అదే పరిశోధన నుంచి 2025 నవంబరులో వెలువడిన ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. దాదాపు 11 వేల మందిని ఇరవై ఏళ్ల పాటు గమనించగా, శరీరంలో ఆర్సెనిక్ మోతాదు ఎక్కువ నుంచి తక్కువకు దిగినవారిలో గుండెజబ్బులు, క్యాన్సర్ వంటి దీర్ఘకాలిక వ్యాధుల వల్ల సంభవించే మరణాల ముప్పు, మోతాదు తగ్గనివారితో పోల్చితే, సగం వరకు తక్కువగా ఉన్నట్లు తేలింది. మొదటినుంచీ తక్కువ ఆర్సెనిక్ తాగినవారితో సమానమైన స్థితికి వారు చేరుకున్నారు. ఎన్నో ఏళ్లు ఆ నీటినే తాగాక ఇప్పుడు మానితే ప్రయోజనం ఏమిటన్న నిరాశకు ఈ ఫలితం సరైన సమాధానం. ఆలస్యంగానైనా మంచినీరు అందిస్తే ప్రాణాలు నిలుస్తాయన్నమాట.

ఈ మార్పు ఎలా సాధ్యమైందన్నది గమనార్హం. అరాయిహజార్‌లో ప్రతి బావినీ పరీక్షించి, ఫలితాన్ని ఆ ఇంటివారికి చెప్పారు. పనికిరాని బావి వారు సమీపంలోని మంచి బావికి మారేలా ప్రోత్సహించారు. కొన్నిచోట్ల లోతైన సామూహిక బావులు వేశారు. జాతీయ స్థాయిలోనూ బంగ్లాదేశ్ ప్రభుత్వం 2000 తరువాత కొద్ది సంవత్సరాల్లో సుమారు 50 లక్షల బావులను పరీక్షించి, పంపులకు ఎరుపు, ఆకుపచ్చ రంగులు వేయించింది. దాదాపు 14 లక్షల పంపులకు ఎరుపు రంగు పడింది. అక్షరం రాని వారికి సైతం అర్థమయ్యే ఈ ఉపాయం ఎందరినో కాపాడింది. అయితే ఆ ఉద్యమం అంతటితో ఆగిపోయింది. రంగులు వెలిసిపోయాయి. ఆ తరువాత ప్రజలు సొంత ఖర్చుతో వేయించుకున్న లక్షలాది కొత్త పంపుల్లో అధిక భాగానికి పరీక్ష జరగలేదు. దాదాపు 2 కోట్లమంది బంగ్లాదేశీయులు ఇంకా 50 మైక్రోగ్రాములు మించిన నీటినే తాగుతున్నారని మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ 2016లో పేర్కొన్నది.

యంత్రం అమర్చడం వేరు, నడపడం వేరు

మన దేశంలో ప్రభుత్వాలు చేతులు కట్టుకొని కూర్చోలేదు. ఆర్సెనిక్, ఫ్లోరైడ్ ప్రభావిత ఆవాసాలు దాదాపు 28 వేలకు మంచినీరు అందించేందుకు 2017 మార్చిలో జాతీయ నీటి నాణ్యత ఉప మిషన్‌ను కేంద్రం ప్రారంభించింది. జల్ జీవన్ మిషన్‌లో ఇటువంటి ఆవాసాలకు ప్రాధాన్యం లభించింది. నదీజల పథకం పూర్తయ్యేలోగా తాత్కాలికంగా మనిషికి రోజుకు 8 నుంచి 10 లీటర్ల తాగు, వంటనీరు అందించే సామూహిక శుద్ధి కేంద్రాలను నెలకొల్పారు. కేంద్ర భూగర్భ జల మండలి పైపొర నీరు కిందికి దిగకుండా సిమెంటుతో మూసివేసి లోతైన ఆర్సెనిక్ రహిత బావులను నిర్మించే పద్ధతిని అమలుచేస్తున్నది. మద్రాస్ ఐఐటీ శాస్త్రవేత్తలు ఆర్సెనిక్‌ను తొలగించే ‘అమృత్’ అనే సాంకేతికతను రూపొందించారు. మాల్దా వంటి జిల్లాల్లో గంగానది నీటిని శుద్ధిచేసి గ్రామాలకు అందించే పథకాలు నడుస్తున్నాయి.

ఇన్ని ఏర్పాట్లు ఉన్నప్పటికీ క్షేత్రస్థాయిలో ఒక బలహీనత పదేపదే ఎదురవుతున్నది. పంపులకు అమర్చిన ఆర్సెనిక్ తొలగింపు యంత్రాల్లో వడపోత పదార్థాన్ని నిర్ణీత కాలానికి శుభ్రపరచాలి, లేదా మార్చాలి. వ్యర్థంగా మిగిలే ఆర్సెనిక్ బురదను జాగ్రత్తగా పారవేయాలి. ఈ పనికి బాధ్యుడు ఎవరో, ఖర్చు ఎవరిదో స్పష్టంగా లేనిచోట యంత్రం కొన్ని నెలల్లోనే మూలపడుతుంది. వడపోత శక్తి నశించిన యంత్రం అసలు యంత్రం లేకపోవడం కన్నా ప్రమాదకరం. ఎందుకంటే దానిని చూసి జనం నిశ్చింతగా తాగుతారు.

కుళాయి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. గ్రామంలోని బోరు నుంచి ట్యాంకు నింపి, గొట్టాల ద్వారా ఇంటింటికీ సరఫరా చేసే పథకాలు అనేకం. అటువంటి చోట నీరు వచ్చే తీరు మారుతుందే గాని, నీటి మూలం మారదు. పైగా లోతైన పొరల నుంచి సేద్యానికి కూడా విపరీతంగా తోడితే పైనున్న కలుషిత నీరు క్రమేపీ కిందికి దిగే ముప్పు ఉన్నది. నేడు సురక్షితమని తేలిన బోరు పదేళ్ల తరువాత కూడా అలాగే ఉంటుందన్న హామీ లేదు.

సేద్యం మాట వచ్చినప్పుడు అన్నం సంగతి కూడా ప్రస్తావించక తప్పదు. బెంగాల్ ప్రాంతంలో వేసవిలో పండే బోరో వరికి భూగర్భ జలమే ఆధారం. ఆ నీటితో పొలంలో చేరిన ఆర్సెనిక్‌ను వరి ఇతర పంటలకన్నా ఎక్కువగా పీల్చుకుంటుంది. పాలిష్ బియ్యంలో అకర్బన ఆర్సెనిక్ కిలోకు 0.2 మిల్లీగ్రాములు మించరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 2014లో పరిమితి విధించింది. తాగునీటిని మార్చిన తరువాత కూడా అన్నం ద్వారా, ఎసటి నీటి ద్వారా కొంత ఆర్సెనిక్ శరీరంలో చేరుతూనే ఉంటుంది. అందువల్లనే తాగునీటితో పాటు వంటనీటిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నల్గొండ చెప్పే పాఠం

తెలుగు రాష్ట్రాల్లో ఆర్సెనిక్ కన్నా ఫ్లోరైడ్ సమస్య పాతది, తీవ్రమైనది. తాగునీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంకరపోయే వ్యాధిని దేశంలో తొలిసారిగా గుర్తించినది 1937లో, నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలోనే. నల్గొండ జిల్లాలో తరాల తరబడి జనం ఈ వ్యాధితో బాధపడ్డారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించేందుకు నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన విధానానికి ‘నల్గొండ పద్ధతి’ అనే పేరే స్థిరపడింది. ఆ పద్ధతి ప్రపంచంలో అనేక దేశాలకు చేరింది. కానీ ప్రతిరోజూ కొలత ప్రకారం పటిక కలపడం, బురదను తీసివేయడం గ్రామాల్లో నిరంతరంగా సాగే పని కాలేకపోయింది. కృష్ణా జలాలను శుద్ధిచేసి గొట్టాల ద్వారా అందించిన తరువాతనే చెప్పుకోదగ్గ మార్పు వచ్చింది. 2016 ఆగస్టులో ప్రారంభమైన మిషన్ భగీరథ కృష్ణా, గోదావరి జలాలను తెలంగాణ పల్లెలకు చేర్చింది. నీటిలోని విషాన్ని రోజూ తొలగించడం కన్నా, విషం లేని మూలానికి మారడం మేలన్నది ఈ అనుభవ సారం. నిండుగా పారే గంగానది ఒడ్డున ఉన్న గ్రామాలకు ఈ మార్గం మరింత అందుబాటులో ఉన్నది.

అయితే భూమిలో సహజంగా ఉన్న ఆర్సెనిక్, ఫ్లోరైడ్‌ల సంగతి ఒకటి, మనుషులు భూమిలోకి వదిలిన భారలోహాల సంగతి మరొకటి. హైదరాబాద్ సమీపంలోని పటాన్‌చెరు పారిశ్రామిక వాడ వ్యర్థాలు నక్కవాగును, పరిసర గ్రామాల జలవనరులను కలుషితం చేయడంపై 1990లో సుప్రీంకోర్టుకు చేరిన వ్యాజ్యం దశాబ్దాల పాటు సాగింది. కాన్పూర్ సమీపంలోని రానియా ప్రాంతంలో గుట్టలుగా పడవేసిన క్రోమియం వ్యర్థాలు భూగర్భ జలాలను పాడుచేశాయి. ఇటువంటి చోట్ల బాధ్యులు ఉంటారు. వారినుంచి పరిహారం రాబట్టే చట్టాలు ఉన్నాయి. గంగా మైదానపు ఆర్సెనిక్‌కు అటువంటి ప్రతివాది లేడు. కనుక అక్కడి బాధ్యత పూర్తిగా ప్రభుత్వ వ్యవస్థలదే అవుతుంది.

ఇక చేయవలసినది

పరీక్షలకు అవసరమైన యంత్రాంగం నేడు చాలావరకు సిద్ధంగా ఉన్నది. దేశంలో రెండు వేలకు పైగా నీటి పరీక్షా ప్రయోగశాలలు ఉన్నాయి. నామమాత్రపు రుసుముతో ప్రజలు కూడా వాటిలో నీటిని పరీక్షింపజేసుకునే వీలు కల్పించారు. ప్రతి గ్రామంలో అయిదుగురు మహిళలకు కిట్లతో నీటిని పరీక్షించడంలో శిక్షణ ఇవ్వాలన్న నియమం అమలవుతున్నది. ఈ వ్యవస్థ ఫలితాలు జిల్లా కేంద్రంలోని కంప్యూటరులో నమోదు కావడంతో సరిపెట్టుకోకూడదు. పరీక్షించిన తేదీ, తేలిన మోతాదు, తాగవచ్చునా లేదా అన్న విషయం పంపు మీద, ట్యాంకు మీద, పంచాయతీ కార్యాలయం గోడ మీద స్థానిక భాషలో కనిపించాలి. పాఠశాల, అంగన్‌వాడీ పంపులకు మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి.

రెండవది, ప్రైవేటు పంపులు. ప్రభుత్వ కుళాయి వచ్చిన తరువాత కూడా సరఫరా ఆగిన రోజున జనం పెరటిలోని చేతిపంపునే ఆశ్రయిస్తారు. ఆ పంపులు ప్రభుత్వ ఆస్తి కావన్న కారణంతో వాటిని పరీక్షల పరిధికి బయట ఉంచితే సమస్య తెరచాటున కొనసాగుతుంది. మూడవది, నిర్వహణ నిధులు. పథకాల నిర్మాణానికి కేటాయించినట్లే, శుద్ధి కేంద్రాల నిర్వహణకు, తిరిగి పరీక్షించడానికి ఏటా నిధులు కేటాయించాలి. నాలుగవది, వైద్యం. చర్మంపై తొలి లక్షణాలను గుర్తించేలా ఆశా కార్యకర్తలకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు శిక్షణ ఇస్తే, ఒక రోగి ద్వారా ఒక బావి ఆచూకీ, ఆ బావి ద్వారా ఒక వీధి మొత్తం ముప్పు తెలిసిపోతుంది. 1983లో సమస్య బయటపడినది కూడా ఒక వైద్యుడి పరిశీలన వల్లనే.

ఈ సమస్యకు సరిహద్దులు లేవు. నేపాల్ తరాయి, పాకిస్తాన్‌లోని సింధు మైదానం కూడా ఆర్సెనిక్ ముప్పును ఎదుర్కొంటున్నాయి. ప్రపంచంలో 9.4 కోట్ల నుంచి 22 కోట్ల మంది ఈ ప్రమాదం అంచున ఉన్నారని, వారిలో 94 శాతం ఆసియా వాసులేనని 2020లో ‘సైన్స్’ పత్రిక ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది. అరాయిహజార్ అనుభవం బీహార్‌కు, నల్గొండ అనుభవం బెంగాల్‌కు ఉపయోగపడతాయి.

గొట్టపు బావుల కాలంలో ప్రభుత్వాలు ఎన్ని బావులు వేశామన్నది లెక్కించాయి గాని, వాటి నీటిలో ఏముందన్నది చూడలేదు. ఆ ఉపేక్షకు లక్షలాది కుటుంబాలు మూల్యం చెల్లించాయి. 2028 నాటికి ప్రతి గ్రామీణ కుటుంబానికి కుళాయి అందినప్పుడు, ఆ కుళాయి నీటిని చివరిసారిగా ఎప్పుడు పరీక్షించారో, ఫలితం ఏమిటో చెప్పగల స్థితిలో గ్రామ పంచాయతీ ఉండాలి. జల్ జీవన్ మిషన్ సాఫల్యానికి అదే నిజమైన గీటురాయి.